మరియం పువ్వు

ఇక్కడున్న క్రైస్తవ మిత్రులందరికీ వందనాలు. గుంటూరు జిల్లాలో పెరిగినవాణ్ణి, సలాంతో పాటు ఈ మాటా నా నోటికి అలవాటే.

ఈ గిన్నెలో నీళ్లలో వేసింది ఏంటా అని ముందు వరుసవాళ్లు ఇందాకటి నుంచీ చూస్తున్నారు. ఎండిపోయిన కంపలా ఉంది కదా. దీన్ని మా ఇంట్లో మరియం పువ్వు అంటారు. ఎడారి మొక్క. హజ్‌కి వెళ్లినవాళ్లు తెచ్చి తెలిసినవాళ్లకి ఇస్తుంటారు. మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. మేం దూదేకుల ముస్లింలం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా వీధిలో ఎవరికి నొప్పులు మొదలైనా నానమ్మ దీన్ని తీసి నీళ్లలో వేసేది. పిడికిలిలా ముడుచుకున్న కొమ్మలు మెల్లగా విచ్చుకుంటాయి. అలా విచ్చుకుంటే కాన్పు సులువవుతుందని ఆవిడ నమ్మకం. ఖురాన్‌లో ఇలాంటిదేమీ లేదు, అది వేరే సంగతి. ఒకసారి పక్కింటి పెద్దమ్మ, ఆదివారం పూజ తప్పని మనిషి, ఈ పేరు విని "మా మరియమ్మ పేరు మీ పువ్వుకి పెట్టుకున్నారేంటే?" అంది. నానమ్మ తడుముకోలేదు. "మా మరియం కూడా ఆవిడేగా" అంది.

ఆవిడేనా? నేనివాళ మాట్లాడేది దాని గురించే.

ఖురాన్‌లో 114 సూరాలు, అంటే అధ్యాయాలు. 19వ దాని పేరు మరియం. ఖురాన్ మొత్తంలో పేరుతో కనిపించే స్త్రీ ఆవిడొక్కరే. మహమ్మద్ ప్రవక్త గారి తల్లి ఆమినా పేరు కూడా అందులో లేదు. ఆ సూరాలో ముందు జకరియ్యా, యహ్యా వస్తారు. మీ జెకర్యా, బాప్తిస్మమిచ్చు యోహాను వాళ్లే. తర్వాత దేవదూత మరియం దగ్గరికొస్తాడు. ఇంతవరకూ లూకా సువార్త చదివినట్టే ఉంటుంది. అక్కణ్ణుంచి దారి మారుతుంది. బేత్లెహేము లేదు, పశువుల తొట్టి లేదు, యోసేపు అసలే లేడు. ఒంటరి ఆడమనిషి. నొప్పులు తట్టుకోలేక ఖర్జూర చెట్టు మొదటికి చేరి, "ఇంతకుముందే చచ్చిపోయినా బాగుండేది, ఎవరికీ గుర్తుండేదాన్ని కాదు" అంటుంది. అప్పుడు కింది నుంచి ఒక గొంతు: దిగులుపడకు, నీ ప్రభువు నీ కిందనే ఊట పుట్టించాడు, చెట్టు పట్టి ఊపు, పండిన ఖర్జూరాలు రాలతాయి, తిను, తాగు. నానమ్మ ఈ చోటు చెబుతూ ప్రతిసారీ కొంగుతో కళ్లొత్తుకునేది. ఏడుగుర్ని కన్న మనిషి.

క్రైస్తవుల ముందు ఒక ముస్లిం ఈ సూరా వినిపించడం ఇది మొదటిసారి కాదు. 615 ప్రాంతంలో మక్కాలో పెట్టే బాధలు పడలేక కొందరు ముస్లింలు ఎర్రసముద్రం దాటి అబిసీనియాకి, అంటే ఇప్పటి ఇథియోపియా వైపు, వెళ్లారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. వాళ్లని అప్పగించమని మక్కా పెద్దలు కానుకలిచ్చి మనుషుల్ని పంపారు. మీ ప్రవక్త తెచ్చింది ఏదైనా వినిపించమని రాజు అడిగితే, ఆ వెళ్లినవాళ్లలో ఒకడైన జాఫర్ బిన్ అబీ తాలిబ్ ఈ సూరాయే అందుకున్నాడు. రాజు గడ్డం తడిసేలా ఏడ్చాడని మావాళ్లు రాసుకున్నారు.

సభల్లో ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు, చప్పట్లు కొడతారు. నాకు నచ్చేది మర్నాడు జరిగింది. మక్కావాళ్లు మళ్లీ వచ్చి, "యేసు గురించి వీళ్లేమంటారో అడగండి" అన్నారు. తలదాచుకోడానికి వచ్చినవాడికి అంతకన్నా టెన్షన్ ఏముంటుంది? అయినా జాఫర్ మాట మార్చలేదు. ఆయన దేవుని దాసుడు, ప్రవక్త, మరియంలో వేసిన దేవుని వాక్కు, దేవుని నుంచి వచ్చిన ఆత్మ అన్నాడు. కుమారుడు అనలేదు. పక్కనున్న మతపెద్దలు గుర్రుమన్నారట. రాజు మాత్రం వాళ్లని అప్పగించలేదు.

కాబట్టి నేనూ దాచను. యేసుని మేం ఈసా అలైహిస్సలాం అంటాం, అంటే ఈసా, ఆయనపై శాంతి కలుగుగాక అని. కన్యకు పుట్టాడని, రోగుల్ని బాగుచేశాడని, మళ్లీ వస్తాడని నమ్ముతాం. కానీ దేవుడు ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు అంటుంది 112వ సూరా. యేసుని సిలువ వేయలేదు, చంపలేదు అంటుంది 4వ సూరా. మీ విశ్వాసానికి ఆయువుపట్టు ఎక్కడో సరిగ్గా అక్కడే విడిపోతున్నాం. 'అన్నీ ఒకటేలెండి' అనేసి టీ తాగి వెళ్లిపోవచ్చు. అది మీకూ మర్యాద కాదు, నాకూ కాదు.

ఇంకో పొరపాటు లెక్క ఉంది. మీకు బైబిల్ ఎలాగో మాకు ఖురాన్ అలా, మీకు యేసు ఎలాగో మాకు మహమ్మద్ ప్రవక్త (ఆయనపై శాంతి కలుగుగాక) అలా అనుకుంటారు. కుదరదు. మేం ప్రవక్తని పూజించం. "వాక్యము శరీరధారియై" అని మీరు చదువుకుంటారు, అంటే దేవుని వాక్కే యేసుగా వచ్చిందని. మా నమ్మకంలో దేవుని వాక్కు గ్రంథంగా దిగింది, 610 నుంచి 632లో ప్రవక్త కాలం చేసేదాకా, కొద్దికొద్దిగా. అందుకని యేసు పక్కన పెట్టి చూడాల్సింది ఖురాన్‌ని. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నానమ్మ అరబీలోనే ఎందుకు చదివేదో అప్పుడు బోధపడుతుంది. తెలుగులో చిలుకూరి నారాయణరావు గారు ఎప్పుడో అనువదించారు, తర్వాతా చాలా వచ్చాయి. అవి అర్థం కోసం. నమాజుకి అరబీయే.

అల్లా అంటే వేరే దేవుడా అని ఎవరో చీటీ పంపారు. అరబ్బు క్రైస్తవుల బైబిల్ తెరిచినా దేవుడికి ఆ మాటే ఉంటుంది. రోజా అంటే ఉపవాసం, జకాత్ అంటే దానం, హజ్ అంటే మక్కా యాత్ర, వీటి గురించి మీకిచ్చిన కాగితంలో ఉంది, చదువుకోండి.

అసర్ నమాజుకి, అంటే సాయంత్రప్పూట ప్రార్థనకి, వేళవుతోంది. మీ ప్రిన్సిపాల్ గారు వెనక గదిలో చాప వేయించారు. కుళాయి దగ్గర వజూ, అంటే నమాజుకి ముందు కాళ్లూ చేతులూ మొహం కడుక్కోవడం, ఎలా చేస్తామో, నమాజు ఎలా చదువుతామో చూడాలనుకున్నవాళ్లు వచ్చి నిలబడండి, పది నిమిషాలు. తర్వాత ప్రశ్నలు. సిలువ గురించి అడగడానికి మొహమాటపడకండి.