ఆ ముసలావిడ ఏటి చెప్పిందో ముందు వినండి

తెలుగు భాషా దినోత్సవం, శ్రీకాకుళం. ప్రసంగ పాఠం

వేదిక మీదున్న పెద్దలకి, లైబ్రేరియన్ గారికి, ముందు వరసలో కూర్చున్న మాస్టార్లకి, డ్యూటీ మధ్యలో తీరిక చేసుకుని వచ్చిన మా డిపార్ట్‌మెంట్ తమ్ముళ్లకి, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ కాలేజీ పిల్లలకి, పేరుపేరునా అందరికీ నమస్కారమండీ. నాకిచ్చిన టాపిక్కేమో విదేశంలో పోలీసు ఉద్యోగం, నా అనుభవాలు. ఇవాళేమో ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఈ రెంటికీ సంబంధం ఏటి బావా అని పొద్దున్న మా బామ్మర్ది ఫోన్లో అడిగాడు. ఉంది, ఉంది కాబట్టే ఒప్పుకున్నాను, కాస్త ఓపిక పట్టండి, అక్కడికే వస్తాను.

ముందు ఆ దేశం గురించి చెప్పీస్తాను, లేకపోతే కథ తలకెక్కదు. తిమోర్ లెస్తె అంటారు, పాత పేపర్లలో ఈస్ట్ తిమోర్ అని చదివుంటారు. ఇండోనేషియా దీవుల చివర, ఆస్ట్రేలియాకి పైన, ఒక దీవిలో తూర్పు సగం. వందల ఏళ్లు పోర్చుగీసు వాళ్లు ఏలారు, 1975లో ఇండోనేషియా సైన్యం దిగింది, 1999 ఆగస్టు 30న జనం ఓటేసి నూటికి 78 మంది పైనే మాకు స్వతంత్రం కావాలన్నారు, అలా అన్నందుకు ఊళ్లకి ఊళ్లు తగలబెట్టీసారు. 2002 మే 20న స్వతంత్రం వచ్చింది. నాలుగేళ్లకే, 2006లో, సైన్యంలో గొడవ మొదలై సైన్యమూ పోలీసూ ఒకరినొకరు కాల్చుకునేదాకా వెళ్లింది, రాజధాని దిలీలో పోలీసు అనేదే లేకుండా పోయింది, లక్షన్నర మంది ఇళ్లొదిలేసి గుడారాల్లో పడ్డారు. అప్పుడు ఐక్యరాజ్యసమితి వాళ్లు యున్మిట్ అని ఒక మిషన్ పెట్టి రకరకాల దేశాల నుంచి పోలీసుల్ని రప్పించి, మీరే స్టేషన్లు నడపండి, నడుపుతూ వీళ్ల పోలీసులకి నేర్పండి అన్నారు. 2012 చివరిదాకా నడిచిందది. నేను వెళ్లింది 2008లో.

దేశం మొత్తం కలిపితే అప్పటికి 11 లక్షల జనం. మన పాత శ్రీకాకుళం జిల్లా ఒక్కటే 27 లక్షలు. మనలో సగం కూడా లేని ఆ జనంలో పదిహేను పైగా భాషలున్నాయి. తెతుమ్, పోర్చుగీసు అధికార భాషలు, ఆఫీసుల్లో ఇండోనేషియన్, మాతో ఇంగ్లీషు, కొండెక్కితే మంబాయ్, తూర్పుకెళ్తే మకసాయ్, ఫతలుకు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అందరూ నన్ను మొదట అడిగేది ఎలా వెళ్లారు సార్ అని. సర్వీసులో ఉన్న పోలీసే వెళ్లాలండి, కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి, డిపార్ట్‌మెంట్ పేరు పంపాలి, కేంద్ర హోంశాఖ ఒప్పుకోవాలి, ఆ తర్వాత యుఎన్ వాళ్ల పరీక్ష. మా బ్యాచ్‌కి ఢిల్లీలో పెట్టారు. ఇంగ్లీషు చదవడం, విని రాయడం, రిపోర్టు రాయడం, ఇంటర్వ్యూ, ఆపైన పెద్ద ఫోర్‌వీల్ బండి నడిపి చూపించాలి, ఆపైన ఫైరింగ్. నేను నరసన్నపేట పక్క పల్లెటూరి బళ్లో తెలుగు మీడియం చదివినవాణ్ణి. విని రాసే పరీక్షకి భయపడి రోజూ రాత్రి రేడియోలో ఇంగ్లీషు వార్తలు పెట్టుకుని నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి, మా ఆవిడ టార్చిలైటు పట్టుకునేది, అప్పట్లో కరెంటు అలాగుండేది. మీడియం అడ్డమని ఏ కానిస్టేబులూ వెనక్కి తగ్గకండి బాబూ, చెవికి అలవాటు చేస్తే వచ్చీస్తుంది.

రెండో ప్రశ్న డబ్బులు. మిషన్ అలవెన్సు డాలర్లలో ఇస్తారు, మన జీతం మనకి ఇక్కడ పడుతుంది, అందులోనే ఇంటద్దె, తిండి చూసుకోవాలి, పొదుపుగా ఉంటే మిగుల్తుంది. అంతే, ఇంకేం లేదు.

ఈ డబ్బుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, టాపిక్ దాటుతున్నానని తెలుసు, అయినా చెప్తాను. సోంపేట, పలాస, ఇచ్ఛాపురం పక్క నుంచి గుంటలు నా దగ్గరికి కాగితాలు పట్టుకొస్తారు, ఫలానా దీవిలో పోలీసు ఉద్యోగమట, ఏజెంటు అడ్వాన్సు అడిగాడట. నాన్నా, ఏ దేశమైనా తన పోలీసు యూనిఫాం దారినపోయేవాడికి ఇవ్వదు. యుఎన్ ఏ దశలోనూ పైసా ఫీజు తీసుకోదు. గల్ఫో సింగపూరో కూలికి వెళ్లినా సరే, ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్లో చూసుకోండి, మీకు చూడ్డం రాకపోతే నా దగ్గరికి రండి, చూసి పెడతాను. పొలం అమ్మి డబ్బు కట్టిన తండ్రులు స్టేషన్ అరుగు మీద కూర్చుని ఏడవడం నేను కళ్లారా చూసాను. ఆ ఏడుపు ఇంక వద్దు.

సరే. దిలీలో కొన్నాళ్లుంచి నన్ను కొండల్లోకి పంపారు, మౌబిస్సి అనే ఊరు, ఐనారో జిల్లా. దీవంటే కొబ్బరిచెట్లు, ఉక్కపోత అనుకుంటాం, దిలీ అలాగే ఉంటుంది, మన కళింగపట్నంలో మే నెలలా. మౌబిస్సిలో మాత్రం రాత్రి రెండు దుప్పట్లు కప్పుకున్నా చలే. గడ్డి కప్పిన గుండ్రటి ఇళ్లు, కాఫీ తోటలు, పొట్టి గుర్రాలు, ఆ గుర్రాల మీదే సరుకు. మొక్కజొన్న గింజలు, పెసలు, గుమ్మడికాయ కలిపి ఉడకబెట్టుకుంటారు, అదే పూటకూడు. మన ఖాకీ బట్టలే వేసుకునేవాణ్ణి, తల మీద నీలం టోపీ, భుజానికి యుఎన్ బిళ్ల. బండిలో నా పక్కన ఒకరోజు ఫిలిప్పీన్స్ ఆయన, ఇంకోరోజు నైజీరియా ఆయన. దాని గురించి చెప్పాలంటే చాలా ఉంది, వదిలేస్తాను.

ఓ సంత రోజు ఒక ముసలావిడ స్టేషన్‌కి వచ్చింది. నోరంతా తమలపాకు ఎరుపు, కాళ్లకి చెప్పుల్లేవు, చేతిలో ఓ తాడు. గుర్రాన్ని కట్టే పగ్గం, ఒక చివర ముడి, ఇంకో చివర కత్తితో కోసినట్టు సాఫుగా ఉంది. తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పెట్టి మాట్లాడ్డం మొదలెట్టింది, మంబాయ్‌లో. చాలాసేపు మాట్లాడింది. నాకు మంబాయ్ రాదు. నా లాంగ్వేజ్ అసిస్టెంటు దిలీ నుంచి వచ్చిన చదువుకున్న అమ్మాయి, ఆ అమ్మాయికీ రాదు. కాబట్టి అక్కడి కానిస్టేబులు మంబాయ్ విని తెతుమ్‌లో చెప్పాలి, ఆ అమ్మాయి తెతుమ్ విని ఇంగ్లీషులో నాకు చెప్పాలి. వంశధార కాలవ నీళ్లు శివారు పొలానికి వచ్చేసరికి ఎంత మిగుల్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అంతసేపు ఆవిడ చెప్పిందంతా రెండు ముక్కలై, ఆ రెండు ముక్కలూ ఒకటై నా దగ్గరికొచ్చింది: అల్లుడు ఈవిడ గుర్రాన్ని దొంగిలించాడు.

దొంగతనం కేసు, రాసీడం సులువు. కానీ ఆవిడ మాట్లాడినంతసేపూ కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని తిప్పి చూపిస్తోంది. గుర్రం పోతే మణికట్టు ఎందుకు పట్టుకోవాలి? అడిగితే కానిస్టేబులు నేల చూపులు చూస్తున్నాడు. అతనిది పక్క ఊరేనని, అల్లుడి తరఫు చుట్టమని ఆ తర్వాత తెలిసింది. అతన్ని పరువుగానే సంత డ్యూటీకి పంపించీసాను. సంతలో తాయిస్ అని చేతినేత బట్టలు అమ్మే ఒకావిడకి మంబాయ్, తెతుమ్ రెండూ వచ్చు, ఆవిణ్ణి బతిమాలి తీసుకొచ్చాం. కుర్చీలు తీసీసి బయట చెట్టుకింద చాప పరిచాం, అక్కడ ఊరి తగువులన్నీ చాప మీదే కూర్చుని తేలుస్తారు. ఆడవాళ్లు ముగ్గురూ కూర్చున్నారు, నేను దూరంగా మెట్టు మీద కూర్చున్నాను. సంత ఎత్తేసేదాకా అయింది.

ఏటి చెప్పిందయ్యా అంటే, ఆ గుర్రం పెళ్లిలో మగపెళ్లివారు ఇచ్చింది, అక్కడ వాళ్లే గుర్రాలో దున్నపోతులో ఇవ్వాలి, బర్లకే అంటారు. మొగుడు కొట్టి కూతురి మణికట్టు విరక్కొట్టాడు. ఆ పిల్ల చంటిబిడ్డని ఎత్తుకుని పుట్టింటికి వచ్చీసింది. వాడొచ్చి పగ్గం కోసి గుర్రాన్ని తోలుకుపోయి, నేనిచ్చింది నేను తీసుకున్నాను, రేపొచ్చి బిడ్డని కూడా తీసుకుపోతానన్నాడు. ఆవిడ వచ్చింది గుర్రం కోసం కాదండీ, మనవడి కోసం. కోసిన తాడు సాక్ష్యమని తెచ్చుకుంది. అదే మేం దొంగతనం అని రాసుంటే, ఊరి పెద్దలు గుర్రాన్ని తిరిగిప్పించి కేసు మూసీసుందురు, ఆ పిల్ల విరిగిన చేత్తో మళ్లీ ఆ ఇంటికే పోవును.

ఐనారో నుంచి ఆడవాళ్ల కేసులు చూసే యూనిట్ ఆవిణ్ణి పిలిపించాం, కూతుర్ని ఆసుపత్రికి పంపాం, స్టేట్‌మెంటు రాసాం. రాసింది ఆ బట్టలమ్మే ఆవిడ మంబాయ్‌లో వెనక్కి చదివి వినిపించింది. వింటూ ముసలావిడ రెండు చోట్ల ఆపి, నేనిలా అనలేదు అంది. దిద్దాం. మళ్లీ చదివాం. అప్పుడు వేలిముద్ర వేసింది. కేసు కోర్టుకి వెళ్లింది, తేలకముందే నా టూర్ అయిపోయింది. ఆ దేశంలో గృహహింస మీద చట్టం 2010లో వచ్చింది.

ఇప్పుడు మనూరికి రండి. నేను ఆ దీవికి వెళ్లక చాలా ఏళ్ల ముందు, ప్రొబేషన్ రోజుల్లో, మన మన్యం వైపు ఒక స్టేషన్లో పాత ఫైళ్లు సర్దుతుంటే రెండు కాగితాలు కనపడ్డాయి. ఒక సవర తండ్రి ఇచ్చిన ఫిర్యాదులు, సవరలంటే మన కొండల్లో సొంత భాష ఉన్న గిరిజనులు. మొదటిది స్టేషన్లో రాసింది: మేస్త్రీ కూలి డబ్బులు బాకీ ఉన్నాడు. రెండోది రెండు నెలల తర్వాత, సవర వచ్చిన ఒక బడిపంతులు గారు రాసిపెట్టింది: మేస్త్రీ నా కూతుర్ని ఇటుక బట్టీకి తీసుకెళ్లాడు, పిల్ల తిరిగి రాలేదు. రెంటి కిందా ఒకే పేరు, ఒకే వేలిముద్ర. మొదటిసారి తెలుగులో ఏది అడిగినా ఆయన ఊఁ అన్నాడట. స్టేషన్లో నిలబడ్డ పేదవాడు ఊఁ అనక ఏటంటాడండీ? రెండో కాగితం మీదే పిల్లని వెతికి తీసుకొచ్చారు. మధ్యలో పోయిన ఆ రెండు నెలలూ ఎవరిస్తారు?

ఆ కాగితాలు మౌబిస్సిలో నాకు ప్రతి రాత్రీ గుర్తొచ్చాయి. తిరిగొచ్చాక పై అధికారులకి ప్రపోజల్ రాసాను. సీతంపేట, భామిని, మందస, మెళియాపుట్టి, సవరలున్న ప్రతి మండలం స్టేషన్‌లో సవర వచ్చిన ఒక మనిషి ఉండాలి, హోంగార్డైనా సరే, ఆడమనిషైతే మరీ మంచిది, ఆ పనికి వేరే డబ్బివ్వాలి అని. పరిశీలనలో ఉంది అన్నారు. మళ్లీ రాసాను. పరిశీలనలో ఉంది అన్నారు. నేను రిటైరైపోయాను, జిల్లాలే మారిపోయాయి, 2022లో సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది, ఫైలు ఏ జిల్లాకి వెళ్లిందో చెప్పేవాళ్లు లేరు. బళ్లో సవర పిల్లలకి వాళ్ల భాషలో వాచకాలున్నాయి. అదే పిల్ల తల్లి స్టేషన్‌కి వస్తే మాత్రం తెలుగులో చెప్పాలి! ఎవరికైనా కోపం రాదా?

గిడుగు వారిని తలుచుకునేది ఇందుకేనండీ. వాడుక భాష అన్నారు, గ్రాంథికం మీద పోరాడారు, అవన్నీ మాస్టార్లు నాకంటే బాగా చెప్తారు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. దానికి లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగుకి చుట్టరికం కూడా లేదు, అది ముండా కుటుంబం భాష. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. సవర పిల్లలకి సొంత డబ్బుతో బళ్లు పెట్టారు, వ్యాకరణం రాసారు, నిఘంటువులు చేసారు. సవరల మాట వినడానికి చెవులు పోగొట్టుకున్న మనిషాయన! ఆ మనిషి పుట్టిన జిల్లాలో వందేళ్ల తర్వాత కూడా సవర ఆడమనిషి ఫిర్యాదు వినడానికి ఒక చెవి లేదంటే ఈ దండలు ఎందుకండీ, ఈ మైకులెందుకు?

తమ్ముళ్లూ, చట్టం మన పక్కనే ఉంది. నోటితో చెప్పిన ఫిర్యాదు రాసుకుని, రాసింది చెప్పినవాళ్లకి చదివి వినిపించాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అదే సీఆర్‌పీసీలో సెక్షన్ 154, 2024 జులై 1 నుంచి దాని బదులొచ్చిన బీఎన్ఎస్ఎస్ అనే కొత్త చట్టంలో 173. చదివి వినిపించడం అంటే అర్థమయ్యేలాగే కదా, అర్థంకాని భాషలో చదివితే వినిపించినట్టా? పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలో అయితే స్పష్టంగానే ఉంది, పిల్లకి అర్థంకాని భాషలో స్టేట్‌మెంటు రాస్తుంటే ట్రాన్స్‌లేటర్‌ని పెట్టాలని. పిల్లకి ఉన్నది తల్లికి ఎందుకొద్దు? రేపు మీ స్టేషన్‌కి అలాంటి మనిషొస్తే, ఊఁ అన్నాడని రాసీకండి. ఆశ్రమ పాఠశాల హాస్టల్‌కి ఫోన్ చేయండి, ఆశా వర్కర్‌ని పిలవండి, సంతలో ఎవరినైనా బతిమాలండి, నేను బతిమాలలేదా? వచ్చినవాళ్లు అవతలి పార్టీ చుట్టాలో కాదో ముందు కనుక్కోండి.

వెనకాల నిలబడ్డ పిల్లల్లో సీతంపేట వైపు నుంచి, మందస వైపు నుంచి వచ్చినవాళ్లున్నారని తెలుసు. మీకు సవర వచ్చు, తెలుగు వచ్చు, కొందరికి ఒడియా కూడా వచ్చు. జిల్లాలో మీలాంటి వాళ్ల కోసమే నేను ఇన్నేళ్లుగా అర్జీలు పెడుతున్నాను. ఇద్దరు కలెక్టర్లకీ ఇద్దరు ఎస్పీలకీ కలిపి కొత్త అర్జీ రాసుకొచ్చాను, తలుపు పక్క బల్ల మీద ఉంది. పెద్దలు చదివి సంతకం పెట్టండి, ఎక్కడైనా తప్పుంటే దిద్దండి. పక్కనే తెల్లకాగితాలున్నాయి, పిలిస్తే స్టేషన్‌కి వచ్చి మాట చేరవేస్తామనే పిల్లలు పేరు, ఊరు, ఏయే భాషలొచ్చో రాసివ్వండి, సోమవారం నేనే పట్టుకెళ్లి ఇస్తాను. సెలవు.