పరుగు ఆగాక తీసే ఫోటో

శ్రోతలకు నమస్కారం. ట్రెడ్‌మిల్ మీద నడిపించి, నరానికి ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాత గుండెకు స్కాన్ తీస్తారు. చాలామంది దీన్ని థాలియం టెస్ట్ అంటారు. ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. శ్రమపడేటప్పుడు గుండె ఎలా ఉందో చూడాలంటే అప్పుడే చూడాలి కదా, దిగి కూర్చుని ఆయాసం తీరాక ఏం తెలుస్తుంది?

కిటుకంతా ఆ ఇంజెక్షన్‌లోనే ఉంది. ఇక నావల్ల కాదు అనిపించే వేళకి చాలా తక్కువ మోతాదులో రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు. వెంటనే దిగనివ్వరు, ఇంకో నిమిషమైనా నడవమంటారు. కాళ్లు పీకుతున్నా ఆ నిమిషం ఓర్చుకోండి, పరీక్షకు ప్రాణం అదే. ఛాతీలో నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉంటే మాత్రం ఓర్చుకోవద్దు, అప్పుడే చెప్పేయండి. రక్తం బాగా అందే కండరం ఆ మందును ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తనాళం సన్నబడిన చోట తక్కువగా చేరుతుంది.

ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు. అది కండరంలో చేరిన చోటే దాదాపుగా నిలిచిపోతుంది. అందుకే 15 నిమిషాల నుంచి గంట లోపు ఎప్పుడు తీసినా, కనిపించేది మీరు పరుగెత్తినప్పటి రక్తప్రసరణే. మరి ఆగడం ఎందుకంటే, మందులో కొంత కాలేయంలోకి, పేగుల్లోకి పోతుంది. గుండె కింది గోడ సరిగ్గా వాటి పైనే ఉంటుంది. కాలేయం వెలిగిపోతుంటే గోడ సరిగా కనబడదు. అది కాస్త తగ్గనివ్వాలి.

థాలియం అనే ఇంకో మందు అలా కాదు, ఒకచోట నిలవదు. కండరంలోంచి బయటికొస్తుంది, మళ్లీ లోపలికి పోతుంది. కాబట్టి 10, 15 నిమిషాల్లోనే కెమెరా కింద పడుకోబెడతారు. అంతకంటే తొందరపడినా చిక్కే. రొప్పుతున్నంతసేపూ గుండె కాస్త కిందికి దిగి ఉంటుంది, ఊపిరి నెమ్మదించే కొద్దీ పైకి జరుగుతుంది. ఆ కదలిక వల్ల గుండెలో లేని లోపం ఫోటోలో ఉన్నట్టు కనిపించవచ్చు.

థాలియం ఇచ్చినవారికి మూడు నాలుగు గంటల తర్వాత మళ్లీ తీస్తారు. ఇందాక మసకగా ఉన్న చోటు ఇప్పుడు నిండితే కండరం బతికే ఉంది, శ్రమలో రక్తం చాలడం లేదు అని అర్థం. నిండకపోతే అది పాత గుండెపోటు మచ్చ కావచ్చు. అలాగని ఆశ వదులుకోరు, కొందరికి 24 గంటలయ్యాక ఇంకోసారి చూస్తారు. అప్పటికి నెమ్మదిగా నిండే కండరమూ ఉంటుంది.

పక్కవారిని ముందే పిలిచి మిమ్మల్ని గంట కూర్చోమంటే టెన్షన్ పడకండి. మీకిచ్చిన మందేమిటో, ఫోటో ఎన్ని గంటలకో అడిగి తెలుసుకోండి. రెండోసారి రమ్మన్నారంటే ఆ టైముకే వెళ్లండి.