అనంతపురంలో పాత పికప్ కొంటున్నారా? ముందు బండి కింద దూరండి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈసారి డాలస్ వ్లాగ్ కాదు, సెలవులకు అనంతపురం వచ్చాను. మా చిన్నాన్న కొడుక్కి నార్పల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. కాయ కోసినప్పుడల్లా మార్కెట్ యార్డుకు బాడుగ బండి పిలవలేక, సెకండ్ హ్యాండ్ పికప్ ఒకటి చూస్తున్నాడు. "అన్నా, అమెరికాలో అందరూ పికప్పులే కదా నడిపేది, నువ్వూ రా" అన్నాడు. సరే పద అని బయల్దేరాం.

అక్కడి పికప్ వేరు, ఇక్కడి పికప్ వేరు అని వాడికి దారంతా చెబుతూనే ఉన్నా. మా వీధిలో ఒకాయన ఫోర్డ్ ఎఫ్-150లో ఆఫీసుకు పోతాడు. అయిదు లీటర్ల వీ-8 ఇంజిన్! వెనక తొట్టిలో గడ్డి కోసే మెషిన్ తప్ప ఇంకేదీ ఎక్కగా నేను చూడలేదు. ఇక్కడ పాత టాటా ఏస్ తీసుకోండి, రెండే సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్ పవర్. దాని మీద టమోటా బాక్సులు క్యాబిన్ కంటే ఎత్తుగా కట్టేస్తారు. బొలెరో పికప్ అయితే 2,523 సీసీ ఉంది కదా అని ఇంకా ధైర్యం.

అమెరికాలో పాత బండి కొనేటప్పుడు బండికి గుర్తుగా ఉండే 17 అక్షరాల విన్ నంబర్ కొడితే కార్‌ఫ్యాక్స్ అనే వెబ్‌సైట్‌లో యాక్సిడెంట్లు, సర్వీసు, ఎంతమంది చేతులు మారిందో చాలావరకు వచ్చేస్తుంది. ఉత్తరాది రాష్ట్రాల బండి అయితే మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకు కింద తుప్పు పట్టిందేమో చూస్తారు. మన అనంతపురంలో వానే అంతంత మాత్రం, తుప్పు పెద్ద బాధ కాదు. ఇక్కడ బండిని తినేసేది ఓవర్‌లోడ్. అది ఏ రిపోర్టులోనూ ఉండదు, కింద దూరి చూసుకోవాల్సిందే.

బళ్లారి రోడ్డు వైపు చూసిన బండి పైకి పెళ్లికొడుకులా ఉంది. కొత్త పెయింటు, తొట్టికి కొత్త రేకు. మాతో వచ్చిన మెకానిక్ భాయ్ దాని ముఖమైనా చూడకుండా నేరుగా కిందికి దూరాడు. ఫోన్ టార్చి వేసి, వెనక కమాన్ కట్ట (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బిగించే చోట ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీది మట్టిని గుడ్డతో తుడిచాడు. మిగతాదంతా దుమ్ముపట్టి బూడిద రంగులో ఉంటే జానెడు మేర మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. గోరుతో గీకితే పెయింటు కింద వెల్డింగ్ గీత బయటపడింది. "పగిలింది సార్, అతికినారు. మళ్లీ లోడు పడితే పక్కన పగులుతుంది" అన్నాడు. కమాన్ కట్టలో పట్టీలు కూడా ఒకవైపు అరిగి మెరుస్తున్నాయి, రెండోవైపు ఒకటి అదనంగా దూర్చారు. ఓనర్ మాత్రం "ఇంజిన్ వినండన్నా, బంగారం" అంటూనే ఉన్నాడు.

నా లెక్కేంటంటే, ఇంజిన్ పోతే డబ్బులు పోతాయి, సిలిండర్లకు బోర్ చేయించుకుని మళ్లీ నడపొచ్చు. ఛాసిస్ పగిలితే, కాగితాల్లో తిరకాసు ఉంటే డబ్బు పెట్టినా సరి కాదు. మనోళ్లు మాత్రం ఇంజిన్ శబ్దం విని అడ్వాన్స్ ఇచ్చేస్తారు.

అలాగని ఇంజిన్ చూడొద్దని కాదు. మీరు వచ్చేసరికే స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టారేమో బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కు అందుకోవాలి. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున పొగ కొడుతోందంటే పిస్టన్ రింగులు అరిగిపోయినట్టే. సైలెన్సర్‌లో నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని అర్థం. ఇంకోటి, మన వైపు రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసేస్తారు. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడండి, లోపల తెల్లటి పొర కట్టి ఉంటే మే నెల ఎండలో ఆ బండి పామిడి దాటకముందే ఆవిరి కక్కుతుంది.

టైరు పక్కన ఉండే తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2219 అంటే 2019లో 22వ వారంలో తయారైందని. గాడి బాగుందని మురిసిపోవద్దు, రీబటన్ (అరిగిన టైరుకే కొత్త రబ్బరు అతికించింది) కావచ్చు.

ఇక కాగితాలు. ఏపీ 02 అని ఉంటే పాత అనంతపురం నంబర్. 2019లో జిల్లాల కోడ్‌లు పోయి రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి ప్లేటు చూడగానే వయసు కొంత తెలిసిపోతుంది. కేఏ 34 బళ్లారి బండి చవగ్గా వస్తుంది గానీ, అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ మళ్లీ ట్యాక్సు కట్టాలి. ఆ ఖర్చు కలిపితే చవక ఎంత మిగులుతుందో ముందే లెక్క వేసుకోండి.

ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు కనిపిస్తాయి. పసుపు ప్లేటు (రవాణా) బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అది లేకపోతే చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క. 15 ఏళ్లు దాటిన బండికి ఆ ఫీజు కూడా ఎక్కువే. ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు ఉందా చూడండి. "అప్పు ఎప్పుడో కట్టేశానన్నా" అనే మాట చెల్లదు, ఆర్‌సీలోంచి ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ చేతికి రావాలి. ఛాసిస్ నంబర్ మీద టేపు వేసి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. ఆర్‌సీతో ఒక్కో అక్షరం పోల్చుకోండి.

ఆర్‌సీలో లోడుతో బరువు, ఖాళీ బరువు రెండూ ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే చట్టప్రకారం ఎంత మోయొచ్చో తేలిపోతుంది. మావాడు ఆ అంకె చూసి కాసేపు మాట్లాడలేదు! లోడుతో 3,000 కేజీలు దాటని బండికి పర్మిట్ అక్కర్లేదు. లైసెన్సు సంగతికొస్తే, 7,500 కేజీలలోపు బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

కొన్నాక 14 రోజుల్లో ఇన్సూరెన్స్, 30 రోజుల్లో ఆర్‌సీ పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. కూలీలను, పెళ్లివాళ్లను తొట్టిలో ఎక్కించడం మన వైపు మామూలే గానీ, ప్రమాదం జరిగితే అలా ఊరికే ఎక్కినవాళ్లకు సాధారణంగా ఆ పాలసీ వర్తించదు. మా పిన్ని ఇది విని "అయితే తిరుణాలకు ఎట్లా పోవాల్రా" అంది. ఆటో మాట్లాడుకుందాం పిన్నీ అన్నా.

ప్రస్తుతానికి గుత్తి రోడ్డులో ఒక బొలెరో పికప్ మిగిలింది. ఛాసిస్ శుభ్రం, టైర్లు మార్చాలి, ఫైనాన్స్ ఎన్‌ఓసీ ఇంకా రాలేదు. అది వచ్చేదాకా రూపాయి కూడా ఇవ్వొద్దని మావాడికి చెప్పాను. ఓనర్ మాత్రం రోజూ ఫోన్ చేసి రేటు కొంచెం కొంచెం దించుతున్నాడు.