ముందు సిలిండరు, తర్వాతే పిస్టన్: ఇంటి పనిశాలలో వేడిగాలి ఇంజను

సభకు నమస్కారం.

నమూనా ఇంజను అనగానే చాలామంది మనసు ఆవిరి ఇంజను మీదికే పోతుంది. అయితే బాయిలరునూ దాని ఒత్తిడినీ ఇంట్లోకి తెచ్చుకోవడం కన్నా, రాబర్ట్ స్టర్లింగ్ 1816లో పేటెంటు పొందిన వేడిగాలి ఇంజనుతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఆయన స్కాట్లండులో చర్చి మతబోధకుడు. ఇంజనీరింగ్ చదవని మనవాళ్లకు అది కొంత ధైర్యమిచ్చే సంగతే.

ఇందులో గాలి బయటికి పోదు. డిస్ప్లేసర్ అనే, వదులుగా కదిలే దిమ్మె ఆ గాలిని వేడి కొసకూ చల్లని కొసకూ మార్చి మార్చి నెడుతుంటే, లోపలి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ పవర్ పిస్టన్‌ను ఆడిస్తుంది. క్రాంకు (పిస్టన్ కదలికను చక్రపు తిరుగుడుగా మార్చే వంకర కడ్డీ) తిరిగే కోణంలో డిస్ప్లేసర్ పవర్ పిస్టన్ కన్నా సుమారు 90 డిగ్రీలు ముందు నడవాలి. క్రాంకు దగ్గర స్క్రూ వదులుచేసి సరిదిద్దుకోవచ్చు.

అసలు కష్టమంతా పిస్టన్ అమరికలోనే. కొలతలన్నీ సగం చేస్తే సిలిండరు ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, రాపిడి పుట్టే గోడ వైశాల్యం మాత్రం నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. కనుక ఇంజను చిన్నదయ్యేకొద్దీ రాపిడిదే పైచేయి. లోపలి వ్యాసాన్ని కోరిన కొలతకు తేవడం కన్నా బయటి వ్యాసాన్ని తగ్గించడం ఇంటి లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద ఎంతో తేలిక కాబట్టి, ముందు సిలిండరును బోరు చేసి, లాపింగ్‌తో, అంటే సన్నని రాపిడి పొడితో రుద్ది, నునుపు తేల్చి, ఆ తర్వాతే పిస్టన్‌ను దానికి సరిపడా లేత్ మీద చెక్కాలి. ఇక్కడ మైక్రోమీటరు కన్నా బొటనవేలే నమ్మకమైన పరికరం: సిలిండరు అడుగును వేలితో మూస్తే పిస్టన్ గాలి మీద ఆగి మెల్లగా దిగాలి, వేలు తీయగానే సొంత బరువుతో జారిపోవాలి.

సికింద్రాబాదు రాణిగంజ్‌లో ఇత్తడి కడ్డీ చేతికందింది కదా అని కాస్ట్ ఐరన్ సిలిండరులో ఇత్తడి పిస్టన్ పెట్టకండి. 20 మి.మీ. వ్యాసంలో 60 డిగ్రీల వేడి పెరిగితే ఇత్తడి సుమారు 0.023 మి.మీ. వ్యాకోచిస్తుంది, కాస్ట్ ఐరన్ 0.013 మాత్రమే, మనం వదిలే సందంతా దాదాపు ఆ తేడా అంతే ఉంటుంది కనుక పిస్టన్ పట్టేస్తుంది. రెండూ ఒకే లోహమైతే ఈ బెడద ఉండదు.

ఈ ఇంజను నడిచేది రెండు కొసల మధ్య వేడి తేడా మీద కాబట్టి, గది 40 డిగ్రీలకు చేరే మన మే నెలలో చల్లని కొసకు అల్యూమినియం రెక్కలు తప్పనిసరి. వేడి కొసను పల్చని స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసి, రెండింటి నడుమ వేడిని ఆపే గ్యాస్కెట్ వేస్తే, దాని కింద పెట్టే దీపపు వేడి గోడ వెంట ఇవతలికి పాకడం బాగా తగ్గుతుంది.