వరండా మీద ఏ రాయి పరచాలి?

శ్రోతలకు నమస్కారం.

ఇల్లు పూర్తయ్యే వేళకు చేతిలో డబ్బు అయిపోవడం మనందరికీ తెలిసిందే. లోపలి గదులకు టైల్స్ పడతాయి. ముందు వరండా మాత్రం కాంక్రీటు గచ్చుతోనే ఉండిపోతుంది. కొన్నేళ్ళకు ఆ గచ్చు దుమ్ము రాల్చడం మొదలుపెడుతుంది, అక్కడక్కడ పెచ్చులు లేస్తుంది. అప్పుడు దాని మీద ఏదైనా పరిపిద్దామని బయలుదేరుతాం. నా మనవి ఏమిటంటే, దుకాణానికి వెళ్ళే ముందు నాలుగు బిందెల నీళ్ళు ఆ వరండా మీద గుమ్మరించి చూడండి. నీళ్ళు మెట్ల వైపు పోతున్నాయా, గుమ్మం వైపు వస్తున్నాయా, మధ్యలో నిలుస్తున్నాయా? ఏ రాయి కొనాలన్నది ఆ తర్వాత సంగతి.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ పరీక్ష మరీ అవసరం. నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. అవి చాలాసార్లు గాలితో కలిసి ఏటవాలుగా కొడతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి జల్లుకు వరండా పైకప్పు అడ్డం కాదు. అందుకే నేల వాటం బయటికే ఉండాలి. అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున, అంటే ఎనిమిది అడుగుల వెడల్పు వరండాకు ఒక అంగుళం దింపితే చాలు. పాత గచ్చుకు ఆ వాటం లేకపోతే ఇప్పుడే సరిచేయించండి. రాయి పరిచాక ఇక సరిచేసే వీలుండదు.

తర్వాత పగుళ్ళు చూడండి. వెంట్రుకవాసి పగుళ్ళతో భయం లేదు. పగులుకు ఒకవైపు ఎత్తుగా, మరొకవైపు పల్లంగా ఉంటే మాత్రం కింద నేల కుంగిందని అర్థం. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో ఇది మామూలే. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఇంటి గోడలకు వేసినంత లోతు పునాది వరండాకు వేయరు కాబట్టి ముందు కదిలేది వరండాయే. దాని మీద ఎంత ఖరీదైన టైల్ అతికించినా కింది పగులు పైకి వచ్చేస్తుంది. ముందు నేలను బాగు చేయించాలి. ఇంటి గోడకూ వరండాకూ కలిసే చోట సన్నని సందు వదిలి, దాన్ని సిమెంటుతో కాకుండా సాగే గుణమున్న సీలెంటుతో నింపమని మేస్త్రీకి చెప్పండి.

ఇప్పుడు చెప్పబోయే సంగతిని చాలామంది పట్టించుకోరు. అది ఎత్తు. బండ మందం ముప్పాతిక అంగుళం, కింద సిమెంటు మాలు ఒకటిన్నర, రెండు అంగుళాలు. మొత్తం మీద వరండా రెండున్నర అంగుళాలు పైకి లేస్తుంది. అంతమేరకు గడప ఎత్తు తగ్గుతుంది, వాన నీటికి లోపలికి దారి దగ్గరవుతుంది. బయటికి తెరుచుకునే తలుపో, ఇనుప గేటో ఉంటే నేలకు తగిలి ఆగిపోతుంది. వీటికన్నా ప్రమాదమైనది మెట్ల సంగతి. కింది మెట్లన్నీ ఆరేసి అంగుళాలు ఉండి, చివరి మెట్టు ఒక్కటే ఎనిమిదిన్నర అయిందనుకోండి. మన కాలు కంటితో చూసుకుంటూ ఎక్కదు, అలవాటుతో ఎక్కుతుంది. ఆ చివరి మెట్టు దగ్గర వేలు తట్టుకుని పడేది ఇంట్లో పెద్దవాళ్ళే. కాబట్టి వరండా లేపితే అన్ని మెట్లనూ సమానం చేయించండి. అది కుదరకపోతే పాత గచ్చు గట్టిగా ఉన్నప్పుడు పలుచని టైల్‌ను జిగురు సిమెంటుతో నేరుగా అతికించవచ్చు. అప్పుడు పెరిగే ఎత్తు అర అంగుళం, ముప్పాతిక అంగుళానికి మించదు.

ఇక ఏ రాయి? చీమకుర్తి మన పక్కనే ఉంది. అక్కడి నల్ల గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు పోతుంది. నలుపులో మెరిసే ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. మన నేలలో పుట్టిన రాయి మన గుమ్మం ముందు ఉండాలన్న కోరిక నాకూ అర్థమవుతుంది. కానీ అద్దంలా పాలిష్ చేసిన గ్రానైట్‌ను వరండాకు వద్దనే చెబుతాను. వాన జల్లు పడితే అది జారుతుంది. మే నెల మధ్యాహ్నం నలుపు రంగు ఎండను పీల్చుకుని అరికాలు మోపనివ్వదు. చెప్పులు విడిచేది అక్కడేనని మరిచిపోకూడదు. ఆ రాయే కావాలంటే పాలిష్ బదులు లెదర్ ఫినిష్ అడగండి. చేత్తో తడిమితే గరుకు తెలుస్తుంది, రాయి అందమూ పోదు. ఎండ ఎక్కువగా పడే వరండాకు లేత బూడిద రంగు గ్రానైట్ మేలు.

నా ఓటు మాత్రం పాలిష్ చేయని నాపరాయికే. కడప నలుపు, తాండూరు నీలం, బేతంచెర్ల రాళ్ళు మన మేస్త్రీల చేతికి బాగా అలవాటైనవి. వాటి మీద కాలు నిలుస్తుంది, ముగ్గు నిండుగా కనిపిస్తుంది. అయితే ఇవి సున్నపురాయి జాతివి. స్నానాల గదిలో వాడే యాసిడ్ పోసి కడిగితే పైపొర తినేసినట్టు అవుతుంది, నిమ్మరసం, చింతపండు పులుసు పడినా మచ్చ తేలుతుంది. నూనెను కూడా పీలుస్తాయి. కార్తీక మాసంలో దీపాలు వరసగా పెట్టే ఇళ్ళలో ప్రమిదల కింద చిన్న పళ్ళాలు ఉంచడం మంచిది. మార్కాపురం పలకరాయికి కూడా సహజమైన గరుకు ఉంటుంది. కొనేటప్పుడు అంచులు చూడండి. పొరలు విడిపోతున్న ముక్కను పక్కన పెట్టండి.

టైల్స్ అంటారా, గోడ టైల్స్ తక్కువ ధరకు వస్తున్నాయని నేలకు వేయకండి. అవి నీళ్ళు పీలుస్తాయి, బరువుకు పగులుతాయి. విట్రిఫైడ్ రకంలో, అంటే నీళ్ళు పెద్దగా పీల్చకుండా గట్టిగా కాల్చినవాటిలో, బయట నేలకు పనికొచ్చే గరుకు టైల్స్ అడగండి. జారుడు పరీక్షలో ఆర్ 11 గుర్తు ఉన్నదైతే తడిలో నమ్మకంగా నడవవచ్చు. దుకాణంలోనే ఒక టైల్ మీద నీళ్ళు చల్లించి, చెప్పులు విప్పి కాలు రుద్ది చూడండి. దుకాణదారు ఏమనుకుంటాడోనని మొహమాటపడకండి.

పని మొదలైన రోజు మీరు దగ్గర ఉండి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. పాత గచ్చు నున్నగా ఉంటే ఉలితో గాట్లు పెట్టాలి, దుమ్ము కడగాలి, తడి మీద సిమెంటు పాలు పోసి ఆ తర్వాతే మాలు వేయాలి. మాలుకు మంచినీళ్ళే వాడాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పు బోరు నీళ్ళతో కలిపితే కొన్నాళ్ళకు సందుల్లోంచి తెల్లని ఉప్పు పూత పైకి వస్తుంది, ఎంత కడిగినా మళ్ళీ వస్తుంది. బండలు ఆరాక ఒక్కొక్కదాన్నీ కర్రతో తట్టండి. డొల్ల మోత వచ్చిన బండను అప్పుడే తీయించి మళ్ళీ వేయించండి, కూలి లెక్క తేల్చక ముందే. సిమెంటు మాలు మీద పరిచిన నేలను వారం రోజులు తడుపుతూ ఉండండి. ఆ వారం మోటారు సైకిల్‌ను వరండా ఎక్కించవద్దు, ఇంట్లో పెద్దవాళ్ళను పెరటి గుమ్మం నుంచి నడవమనండి.

నమస్కారం.