ఏ సర్వర్‌కి ఏ డిస్క్ కనబడాలి?
విశాఖపట్నంలో ఇంజనీర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం

వేదిక మీది పెద్దలకి, ముందు వరసల్లో కూర్చున్న మా సీనియర్లకి, వెనకాల నిలబడిన విద్యార్థులకి నమస్కారం. నాకిచ్చిన టైము తక్కువ కాబట్టి మర్యాదలు ఇక్కడితో ఆపుతాను. విశ్వేశ్వరయ్యగారిని తలుచుకోకుండా మాత్రం మొదలుపెట్టలేను. 1908లో మూసీ హైదరాబాద్‌ని ముంచేశాక ఆయన్ని పిలిపించారు. వరద ఊరి దాకా రాకముందే పైన ఆపాలని ఆయన చెప్పారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. సంస్థల డేటా దాచే మా స్టోరేజ్ పనిలోనూ పైన ఆపాల్సినదాన్ని కిందికి వదిలేసి, కింద ఉన్నవాణ్ణి తిడుతున్నాం. నా బాధ అదే.

స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్, మనం శాన్ అంటాం. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. పెద్ద సంస్థల్లో అసలు డేటా సర్వర్ లోపల ఉండదు. వేరే ర్యాకులో ఒక పెద్ద స్టోరేజ్ ఉంటుంది, మధ్యలో రెంటినీ కలిపే ఫైబర్ ఛానల్ స్విచ్‌లు ఉంటాయి. ఆ స్టోరేజ్‌ని వాటాలు చేసి ఒక్కో సర్వర్‌కి ఇస్తాం. ఆ వాటానే లన్. సర్వర్‌కి అది సొంత డిస్క్‌లాగే కనబడుతుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. కనబడిన డిస్క్ ఎవరిదని సర్వర్ అడగదు, తనదే అనుకుంటుంది.

అందుకే రెండు చోట్ల అడ్డం పెడతాం. స్విచ్‌లో జోనింగ్: ఏ సర్వర్ కార్డు ఏ స్టోరేజ్ పోర్టుతో మాట్లాడొచ్చో అక్కడ రాస్తాం. స్టోరేజ్‌లో లన్ మాస్కింగ్: మాట్లాడగలిగినా, ఏ లన్ చూపించాలో అక్కడ రాస్తాం. రెండూ ఉండాలి. ఒకటి ఉంది కదా అని రెండోది వదిలేసిన చోట ఏమవుతుందో చెబుతాను.

ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రి. పేరు అడగొద్దు. ఒక రాత్రి వాళ్ల ల్యాబ్ డేటాబేస్ సర్వర్‌లో హెచ్‌బీఏ కార్డు, అంటే సర్వర్‌ని శాన్‌కి కలిపే కార్డు, పోయింది. కొత్త కార్డు వేశారు. ప్రతి కార్డుకీ పదహారు అంకెల వరల్డ్ వైడ్ నేమ్ ఉంటుంది, కార్డు మారితే అదీ మారుతుంది. పాత పేరు తీసి కొత్తది జోన్‌లో రాయాలి. ఏ జోన్ ఎవరిదో రాసిన కాగితం లేదు. ఫోన్‌లో ఎవరో పెద్దాయన, "ప్రస్తుతానికి జోనింగ్ ఆపేసి అందరికీ ఓపెన్ చేసెయ్యండి, పొద్దున్నే సరిచేద్దాం" అన్నారు. చేశారు. ఆ పొద్దున్న రాలేదు. మాస్కింగ్ సంగతి అంతకంటే ఘోరం. సర్వర్లన్నిటినీ మొదటి రోజు నుంచే ఒకే గ్రూపులో పడేశారు, అంటే ఆ గ్రూపు లన్‌లన్నీ అందరికీ కనబడతాయి.

కొన్ని నెలల తర్వాత ఎక్స్‌రే చిత్రాల కోసం కొత్త విండోస్ సర్వర్ పెట్టారు. పెట్టింది ఒక కాంట్రాక్టు కుర్రాడు. ఉన్న గ్రూపులోనే చేర్చమన్నారు, చేర్చాడు. స్క్రీన్ మీద ఒకే సైజున్న రెండు డిస్కులు కనబడ్డాయి. ఒకటి అతనికిచ్చింది. రెండోది ల్యాబ్‌ది. ల్యాబ్ సర్వర్ లినక్స్, దాని అమరిక విండోస్‌కి అర్థం కాదు. కాబట్టి రెండింటి మీదా "నాట్ ఇనిషియలైజ్డ్", అంటే ఇంకా వాడకానికి సిద్ధం చెయ్యని డిస్క్, అనే చూపించింది. అతను ఒకదాన్ని ఇనిషియలైజ్ చేసి ఫార్మాట్ కొట్టాడు. అది ల్యాబ్‌ది. కాసేపట్లో రిపోర్టులు ఆగిపోయాయి. బ్యాకప్ నుంచి కొన్ని వచ్చాయి. రానివాటి కోసం రోగుల రక్తం మళ్లీ తీశారు. వార్డులో పసిపిల్లలు కూడా ఉన్నారండీ!

తర్వాత నన్ను పిలిచారు. స్విచ్ లాగ్, అంటే ఎప్పుడేం చేశారో స్విచ్ రాసుకునే చిట్టా, తీశాను. ఆ రాత్రి జోనింగ్ ఆపిన లైను అందులో అలాగే ఉంది. యాజమాన్యానికి చూపించాను. చదివారు. చదివి కూడా ఆ కుర్రాణ్ణే తీసేశారు. "మేడమ్, ఖాళీ డిస్క్ అనే చూపించిందండీ" అని నాతో అన్నాడు. నిజమే, అలాగే చూపించింది. అతనికి ఆ డిస్క్ కనబడటమే తప్పు, ఆ తప్పు అతనిది కాదు.

ఇక్కడ ఆసుపత్రులు, కాలేజీలు, షిప్పింగ్ కంపెనీలు నడిపేవాళ్లున్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను. మీ శాన్‌లో ఏ సర్వర్‌కి ఏ లన్ కనబడుతుందో రాసిన కాగితం మీ దగ్గర ఉందా? ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. ...చూశారుగా.

ప్రణాళిక అంటే ముందు ఆ కాగితమే. కేబుల్ లాగకముందే రాయాలి. ఒక జోన్‌లో ఒక్క సర్వర్ పోర్టు, దానికి కావలసిన స్టోరేజ్ పోర్టులు, అంతే. జోన్‌లో లేనివాళ్లకి ఏమీ కనబడకూడదు. స్విచ్‌లో డిఫాల్ట్ అలా పెట్టండి. వాడని పోర్టులు మూసెయ్యండి. వరల్డ్ వైడ్ నేమ్‌ని గుర్తింపు కార్డులా నమ్మొద్దు, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో మార్చొచ్చు. ఏ పేరు ఏ స్విచ్ పోర్టులోంచి రావాలో కూడా కట్టెయ్యండి. మామూలు నెట్‌వర్క్ మీదే స్టోరేజ్ నడిపే ఐస్కజీ వాడేవాళ్లు దానికి వేరే వీలాన్, అంటే అదే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం, పెట్టండి, చాప్ అనే పాస్‌వర్డ్ తనిఖీ పెట్టండి. చాప్ వచ్చినవాడెవడో తేలుస్తుంది, డేటాని దాచదు. దాచాలంటే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం ఉన్నవాళ్లకే అర్థమయ్యేలా మార్చి, పంపే ఐపీసెక్ కావాలి. సిరిపురం నుంచి రుషికొండకి అద్దె ఫైబర్ మీద డేటా పంపేవాళ్లు ఆ లింకుని ఎన్‌క్రిప్ట్ చెయ్యాలి. స్విచ్ అడ్మిన్ పోర్టు రిజిస్ట్రేషన్ కౌంటర్ కంప్యూటర్లున్న నెట్‌వర్క్‌లోనే ఉంటే పైన చెప్పినవన్నీ వృథా. పాస్‌వర్డ్‌ని కూడా దాచకుండా పంపే టెల్నెట్ లాగిన్ ఆపెయ్యండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి.

హుద్‌హుద్ తుపాను గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12. విమానాశ్రయం కప్పు ఎగిరిపోవడం, రోజుల తరబడి కరెంటు లేకపోవడం మీలో చాలామంది చూశారు. ఆ తర్వాత ఈ ఊళ్లో అందరూ రెండు దారులుండాలని నేర్చుకున్నారు. మంచిదే. ఫ్యాబ్రిక్ అంటే సర్వర్లని స్టోరేజ్‌తో కలిపే స్విచ్‌ల అల్లిక; ఫ్యాబ్రిక్ ఏ, ఫ్యాబ్రిక్ బీ అని రెండు కట్టారు. కొందరు ఇంకా భద్రమని ఆ రెండు స్విచ్‌లనీ ఒక కేబుల్‌తో కలిపేశారు. కలిపితే అది ఒకటే ఫ్యాబ్రిక్! జోన్ల జాబితా ఒకటైపోతుంది, ఒకవైపు చేసిన పొరపాటు రెండువైపులకీ పాకుతుంది. దయచేసి ఆ కేబుల్ తీసెయ్యండి. రెండు ఫ్యాబ్రిక్‌ల ఫైబర్‌నీ భూమిలో ఒకే డక్ట్‌లో, అంటే ఒకే గొట్టంలో, లాగినవాళ్లు కూడా ఉన్నారు; తవ్వకాల్లో ఒక్క దెబ్బకి రెండూ తెగుతాయి.

ప్రభుత్వ నిబంధన కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటన తెలిసిన ఆరు గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. శాన్ స్విచ్ లాగ్‌లని మర్చిపోకండి. ఆ కుర్రాడి పక్షాన సాక్ష్యం చెప్పింది ఆ లాగే. వినేవాళ్లు లేకపోయారు.

విద్యార్థులు టెన్షన్ పడకండి, ఈ పని చాలా మంచి పని. 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో ఈ ఊళ్లో సుమారు 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. డేటా సెంటర్లు వస్తాయి, మీలో చాలామంది రాత్రి షిఫ్టుల్లో కూర్చుంటారు. ఎవరైనా ఫోన్‌లో "ప్రస్తుతానికి ఓపెన్ చెయ్యి" అంటే, మెయిల్‌లో రాసి పంపమని అడగండి. మళ్లీ చెబుతున్నాను, రాసి పంపమని అడగండి. యజమానులారా, అలా అడిగిన పిల్లల్ని కసురుకోకండి.

ఆ కుర్రాడు ఇప్పటికీ స్థిరమైన ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. లినక్స్ వచ్చు, స్టోరేజ్ వచ్చు, జోన్ల కాగితం ఇప్పుడు నాకంటే శుభ్రంగా రాస్తాడు. తీసుకునేవాళ్లుంటే సభ అవ్వగానే నా దగ్గరికి రండి, ఇక్కడే ఉంటాను.