బంతి తగిలిన రోజు ఆట అక్కడితో సరి

(బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లల్ని మ్యాచ్‌కి దింపి ఇటు వచ్చినవాళ్లు కొందరున్నారు, కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

తలకి దెబ్బ తగిలిన పిల్లాణ్ణి తీసుకొచ్చే పెద్దలు మొదట చెప్పే మాట ఇది: "స్పృహ తప్పలేదండీ, బొప్పి కూడా కట్టలేదు." అంతమాత్రాన కంకషన్ (కుదుపుకి మెదడుకి తగిలే దెబ్బ) కాలేదని తేల్చలేం. కంకషన్ అయినవాళ్లలో చాలామందికి స్పృహ తప్పదు. తల ఒక్కసారిగా కుదుపుకు లోనైతే లోపల మెదడు కదిలి, కొంతకాలం దాని పనితీరు దెబ్బతింటుంది. దెబ్బ తలకే తగలాలని కూడా లేదు. ఫుట్‌బాల్‌లో ఇద్దరు ఢీకొని తల విదిలించినట్టయినా చాలు. సీటీ స్కాన్ తీసేది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి లేవని చూసుకోవడానికి. కంకషన్ అందులో కనబడదు. అందుకే "రిపోర్టు నార్మల్, సాయంత్రం నెట్స్‌కి పంపమంటారా?" అంటే వద్దంటాను. హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది, మెదడు కదలకుండా ఆపలేదు.

2019 ఆగస్టు, లార్డ్స్ టెస్టు. ఇంగ్లండ్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ బంతి ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడకి తగిలింది. పరీక్షలు చేసి ఫర్వాలేదన్నారు, మళ్లీ బ్యాటింగుకి వచ్చాడు. మర్నాడు పొద్దున లేచేసరికి తలనొప్పి, మగత. అప్పుడు అతన్ని తప్పించి లబుషేన్‌ని దింపారు. టెస్టుల్లో తొలి కంకషన్ సబ్‌స్టిట్యూట్, అంటే కంకషన్ అయినవాడి బదులు దిగినవాడు, లబుషేనే. పక్కనే డాక్టరున్న అంతర్జాతీయ జట్టులోనే లక్షణాలు ఆలస్యంగా బయటపడ్డాయి. మన సర్జాపూర్ రోడ్డు టర్ఫ్‌లో ఎవరుంటారు? ఒక కోచ్, ఉంటే ఒక ఐస్ ప్యాక్.

కాబట్టి అనుమానం వస్తే చాలు, ఆ రోజుకి ఆట బంద్. "బాగానే ఉన్నావా, ఆడతావా?" అని పిల్లాణ్ణి అడక్కండి. సెలక్షన్స్ రోజు ఎవడైనా ఆడతాననే అంటాడు. మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. అరుదే, కానీ అలా జరిగేది ఎక్కువగా కుర్రవాళ్లకే.

మళ్లీ మళ్లీ వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, ఫిట్స్, ఒకటి రెండుగా కనబడటం, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, లేపినా సరిగ్గా లేవకపోవడం: వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, లేదా నిమ్హాన్స్ లాంటి మెదడు, నరాల ఆస్పత్రిలో క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. మెడ నొప్పంటే మాత్రం కదపకండి, అంబులెన్స్ వాళ్లే వచ్చి ఎత్తాలి. బామ్మగారు దిష్టి తీస్తానంటే ఆస్పత్రి నుంచి వచ్చాక తీయొచ్చు.

ప్రమాదమేం లేదని డాక్టరు చెప్పాక నిద్రపోనివ్వండి, రాత్రంతా మేలుకోబెట్టక్కర్లేదు. మొదటి ఒకటి రెండు రోజులు ఫోనూ టీవీ బాగా తగ్గించాలి. అలాగని చీకటి గదిలో పడుకోబెట్టడమూ వద్దు, ఇంట్లో అటూ ఇటూ నడవొచ్చు. ముందు బడి, తర్వాతే ఆట. మనవాళ్లతో చిక్కు ఇక్కడే. క్రికెట్ మానమంటే వెంటనే తలూపుతారు, ఐఐటీ ఫౌండేషన్ క్లాసు మానమంటే బేరానికి దిగుతారు! మెదడుకి చదువూ శ్రమేనండీ. మొదట సగం పూట పంపండి.

ఆటలోకి మళ్లీ రావడానికి ఆరు మెట్లు. నడకతో మొదలై, పరుగు, తర్వాత ఒంటరి సాధన. తలకి దెబ్బ తగిలే అవకాశమున్న ప్రాక్టీసుకి డాక్టరు సరేననాలి. మెట్టుకి కనీసం ఒక రోజు. లక్షణాలు తిరగబెడితే ఒక మెట్టు వెనక్కి. చాలామంది పిల్లలు నాలుగు వారాల్లోపు కోలుకుంటారు. టోర్నమెంటు ఎప్పుడన్నది ఈ లెక్కలోకి రాదు.

ఈసారి అకాడమీ ఫీజు కట్టేటప్పుడు ఒక్కటి అడగండి: తలకి దెబ్బ తగిలితే పిల్లాణ్ణి బయటికి పిలిచే అధికారం ఎవరిది? "నాదే" అని కోచ్ అంటే, ఆయన రాని రోజు ఎవరిదో కూడా కనుక్కోండి.